పియానో మాష్టారు హెరాల్డ్ రోడ్స్

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం వ్రాసి ఇమ్మని కార్యవర్గం వారు కోరారు. నాయకులను గూర్చి, కవులను గూర్చి నాకంటె బాగా వ్రాయగల మిత్రులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను చిన్ననాటి నుండి మక్కువ పెంచుకొన్న వాద్యాల రంగం నుండి ఒకరిని ఎంచుకొన్నాను. ఆయన పేరు హెరాల్డ్ రోడ్స్. అమెరికా దేశస్థుడు. ఎలక్ట్రిక్ పియానో అంటే అక్కడి సంగీతకారులు నేటికీ ముందుగా చెప్పే పేరు ఇదే. మనలో చాలామందికి ఆయన పేరు తెలియకపోవచ్చును గాని, గంటలు మ్రోగినట్లు, దాని మీద కాస్త తేనె పూసినట్లు వినిపించే ఆయన వాద్యం ధ్వని రేడియోలోనో, రికార్డుల్లోనో ఎప్పుడో ఒకప్పుడు అందరి చెవినా పడే ఉంటుంది.

హెరాల్డ్ రోడ్స్ 1910 డిసెంబరు 28న కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాన్ ఫెర్నాండోలో జన్మించారు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో భవన నిర్మాణ శాస్త్రం చదువుటకు చేరారు. ఇంతలో 1929లో అమెరికాలో షేర్ల ధరలు కుప్పకూలి, ఆర్థిక మాంద్యం వచ్చింది. బ్యాంకులు మూతపడ్డాయి, ఉద్యోగాలు ఊడిపోయాయి. ఇంటి భారం మీద పడేసరికి రోడ్స్ చదువు మానుకొని, తనకు చేతనైన విద్యతో పొట్టపోసుకొనుటకు సిద్ధపడ్డారు. ఆ విద్య పియానో. ఇంజనీరు పట్టా లేదు, ఆర్కిటెక్టు పట్టా లేదు. జీవితాంతం ఆయన తనను తాను పియానో మాష్టారుగానే భావించుకొన్నారు. ఆయన చేసిన యంత్రాలన్నీ ఈ మాష్టారు పని కోసం పుట్టినవే. ఈ సంగతి మనసులో ఉంచుకొంటే తర్వాతి కథ సులువుగా అర్థమవుతుంది.

ఆయన బోధనా పద్ధతి కూడా కొత్తదే. ఆ రోజుల్లో పియానో నేర్పడమంటే పిల్లలను సంవత్సరాల తరబడి స్వరాల కాగితం ముందు కూర్చోబెట్టి, వ్రాసినది వ్రాసినట్లు వాయింపజేయడం. రోడ్స్ శాస్త్రీయ పద్ధతికి జాజ్ సంగీతాన్ని జోడించారు. విద్యార్థి మొదటి నుండి సొంతంగా కల్పన చేసి వాయించడం నేర్చుకోవాలని ఆయన పట్టుదల. మన సంగీతంలో మనోధర్మం అంటామే, దాదాపు అదే. ఈ పద్ధతికి మంచి పేరు వచ్చి, ఆయన పేరుతో పియానో పాఠశాలలు వెలిశాయి.

అయితే ఒక చిక్కు ఉండనే ఉంది. పియానో ఖరీదైన వస్తువు, బరువైన వస్తువు. అందులో రెండు వందలకు పైగా ఉక్కు తీగలుంటాయి. ఆ తీగలన్నీ కలిసి లాగే బలం టన్నుల లెక్కన ఉంటుంది గనుక, దానిని ఆపుటకు పోత ఇనుప చట్రం కావాలి. ఎండకూ వానకూ చెక్క ఉబ్బి కుంగితే శ్రుతి తప్పుతుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు ట్యూనర్‌ను పిలిపించి, ప్రతి తీగా బిగింపజేసుకోవాలి. పాఠం అందరికీ చెప్పవచ్చును గాని, పియానో అందరింటికీ రాదు.

రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. 1942 నాటికి రోడ్స్ అమెరికా సైన్యంలోని వైమానిక దళంలో ఉన్నారు. యుద్ధంలో గాయపడి ఆసుపత్రుల్లో నెలల తరబడి మంచాన పడి ఉన్న సైనికులకు కాలక్షేపంగాను, చికిత్సగాను సంగీతం నేర్పే పని ఆయన మీద పడింది. వేళ్లు, మణికట్టు కదిలిస్తే నరాలకు బలం వస్తుంది, మనసుకు ఊరట కలుగుతుంది. కాని లేచి కూర్చోలేని మనిషి మంచం మీదికి పియానో ఎక్కించడం ఎలాగ?

రోడ్స్ చూపు పారవేసిన విమాన భాగాల మీద పడింది. బి-17 అనే పెద్ద బాంబర్ విమానాల్లోని అల్యూమినియం గొట్టాలు తీసుకొని, వాటిని తగిన పొడవులకు కోయించారు. మన జలతరంగంలో గిన్నెలకు బదులు గొట్టాలు పేర్చినట్లు ఊహించుకోండి. మెట్టు నొక్కితే చిన్న సుత్తి వెళ్లి గొట్టాన్ని కొడుతుంది. మొత్తం 29 మెట్లు. ఒడిలో పెట్టుకొని వాయించవచ్చును. కరెంటు లేదు, తీగ లేదు, శ్రుతి తప్పేది లేదు. దీనికి జైలెట్ అని పేరు పెట్టారు. తయారుచేసే విధం, నేర్చుకొనే విధం రెండూ వ్రాసి ఇచ్చారు. సైనికులు ఆసుపత్రుల్లోనే దీనిని తయారుచేసుకొనేవారు. చెయ్యి పోయినవాడు ఉన్న చేతితో, కాలు పోయినవాడు రెండు చేతులతో, మంచం మీదనే పాఠాలు నేర్చుకొన్నారు. ఈ సేవకు ప్రభుత్వం ఆయనను ప్రశంసించింది. బాంబులు మోసిన విమానపు గొట్టం క్షతగాత్రుని ఒడిలో వాద్యమైన ఈ ఘట్టం ఒక్కటి చాలు, ఆయనను గుర్తు పెట్టుకొనుటకు అని నా అభిప్రాయం. కాని ఆయన అక్కడితో ఆగలేదు.

యుద్ధం ముగిశాక 1946లో ప్రీ-పియానో అనే వాద్యం తయారుచేశారు. 38 మెట్లు, లోపలే యాంప్లిఫయర్, స్పీకరు. బడి పిల్లలకు పాఠం చెప్పుటకు ఉద్దేశించినది. ఆలోచన మంచిదే. కాని పాఠం చెప్పడం వేరు, సరుకు తయారుచేసి అమ్మడం వేరు. తయారీలో ఇబ్బందులు వచ్చి, ఆ ప్రయత్నం పెద్దగా సాగలేదు. తరువాతి పుష్కర కాలం ఆయన ఈ ప్రయోగాలతోనే గడిపారు.

ఆ కాలంలోనే అసలైన ఉపాయం తట్టింది. మనం హైస్కూలు సైన్సు లాబొరేటరీలో చూసిన శ్రుతిదండం గుర్తున్నదా? ఉక్కుతో చేసిన రెండు కాళ్ల పలుగు. రబ్బరు దిమ్మె మీద కొట్టి చెవి దగ్గర పెట్టుకొంటే ఒకే స్వరం చాలాసేపు పలుకుతుంది. దానికి శ్రుతి తప్పడమన్నది దాదాపు లేదు. రోడ్స్ ఆ శ్రుతిదండాన్నే తీసుకొని, రెండు కాళ్లనూ రెండు రకాలుగా మార్చారు. ఒక కాలు సన్నని ఉక్కు పుల్ల. దీనిని టైన్ అంటారు. రెండవ కాలు బరువైన లోహపు పట్టీ. దీనిని టోన్ బార్ అంటారు. సుత్తి కొట్టేది టైన్‌ను మాత్రమే. టోన్ బార్ దానితో కలిసి కంపిస్తూ, ఆ నాదాన్ని నిలబెడుతుంది. టైన్ కొనకు ఎదురుగా ఒక చిన్న అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ చుట్ట. ఇదే పికప్. ఉక్కు పుల్ల అయస్కాంతం ముందు ఊగితే తీగ చుట్టలో విద్యుత్తు పుడుతుందని ఫారడే సూత్రం. ఆ విద్యుత్తును పెద్దది చేసి స్పీకరుకు ఇస్తే పియానో పలుకుతుంది. కరెంటు తీసివేసి వాయిస్తే ఏదో చీమ నడిచినంత చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

1959లో ఆయన లియో ఫెండర్‌తో చేతులు కలిపారు. ఫెండర్ గిటార్లకు ప్రపంచ ప్రసిద్ధుడు. ఆయన పుట్టుకకు రేడియో మెకానిక్కు. ఫుల్లర్టన్ పట్నంలో 1938లో రేడియో రిపేరు దుకాణం పెట్టి, అక్కడి నుండి గిటార్ల తయారీకి వచ్చారు. ఆయన గిటారు మెడను జిగురుతో అతికించక స్క్రూలతో బిగించేవారు, చెడిపోతే ఊడదీసి ఇంకొకటి వేసుకొనుటకు వీలుగా. ఒకరు మాష్టారు, ఒకరు మెకానిక్కు. జోడీ బాగానే కుదిరిందనిపిస్తుంది. కాని ఫెండర్‌కు ఈ పియానో పై స్థాయి స్వరాలు చెవికి ఇంపుగా తోచలేదు. అందుచేత క్రింది 32 మెట్లు మాత్రమే పియానో బాస్ అనే పేరుతో బజారులోకి వచ్చాయి. డోర్స్ అనే బృందంలో రే మంజారెక్ ఎడమ చేత్తో ఈ పియానో బాస్ వాయించేవారు. వేదిక మీద వారికి బాస్ గిటారు వాద్యకారుడే లేడు. ఆ లోటు ఈ చిన్న పెట్టె తీర్చింది. అయినను రోడ్స్‌కు కావలసినది పూర్తి పియానో. దానికి ఆయన ఇంకా కొన్ని సంవత్సరాలు వేచి ఉండవలసి వచ్చింది.

1965 జనవరిలో సి.బి.ఎస్. అనే రేడియో, టెలివిజన్ సంస్థ ఫెండర్ కంపెనీని ఒక కోటి 30 లక్షల డాలర్లకు కొనివేసింది. ఫెండర్ తప్పుకొన్నారు, రోడ్స్ ఉండిపోయారు. ఆ సంవత్సరమే 73 మెట్ల పియానో విడుదలైంది. క్రింద స్పీకర్ల పెట్టె, పైన పియానో, రెండూ కలిపి సూట్‌కేస్ అని పేరు. 1970లో స్పీకర్లు లేకుండా నాలుగు కాళ్ల మీద నిలిచే స్టేజ్ అనే రకం వచ్చింది. ఎక్కడికైనా తీసుకొని వెళ్లవచ్చునని ప్రకటనలు. అయితే ఆ స్టేజ్ పియానో బరువు కూడా 60 కిలోలకు దగ్గరే. కచేరీకి మోసుకుపోయిన వారి నడుములు ఏమన్నాయో మనం ఊహించుకోవచ్చును.

1968లో ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ తన బృందంలోని హెర్బీ హాంకాక్‌ను స్టూడియోలో మామూలు పియానో వదిలి ఈ రకం పియానో ముందు కూర్చోబెట్టారు. మొదట ఇదేదో ఆటబొమ్మ అనుకొన్న హాంకాక్, నాలుగు స్వరాలు పలికించగానే దానికి దాసుడయ్యారు. ఆ తర్వాత చిక్ కొరియా, స్టీవీ వండర్, ఇంకా ఎందరో. 1970 దశకంలో అమెరికా పాటల్లో ఈ వాద్యం లేని స్టూడియో అరుదు. బడి పిల్లల కోసం మొదలైన వస్తువు మహావిద్వాంసుల చేతికి చేరింది. ఈ మార్పును రోడ్స్ ముందుగా ఊహించలేదు గాని, కాదనలేదు.

ఇక నాకు అన్నింటికంటె ముచ్చటైన విషయానికి వస్తాను. అది ఈ పియానో శ్రుతి చేసే విధం, బాగుచేసుకొనే విధం. ఇక్కడ మాష్టారు బుద్ధి పూర్తిగా కనబడుతుంది.

మన హార్మోనియంను శ్రుతి చేయడం మీలో కొందరు చూసే ఉంటారు. మా ఆఫీసు నాటక సమాజం హార్మోనియంను బాగుచేయుటకు వచ్చే పెద్దాయన పక్కన నేను గంటల తరబడి కూర్చొనేవాడిని. ఇత్తడి రీడు కొన దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. గీకిన ఇత్తడి తిరిగి రాదు. అందుచేత చెయ్యి తిరిగినవాడే ముట్టుకోవాలి. రోడ్స్‌కు పోటీగా అమెరికాలో వుర్లిట్జర్ కంపెనీవారి ఎలక్ట్రిక్ పియానో ఉండేది. అందులోనూ ఉక్కు రీడ్లే, కాకపోతే గాలితో గాక సుత్తితో పలుకుతాయి. ఒక్కొక్క రీడు కొన మీద సీసం ముద్ద ఉంటుంది. ముద్ద అరగదీస్తే శ్రుతి పెరుగుతుంది, కాస్త సీసం అతికిస్తే తగ్గుతుంది. రీడు ఊడదీసి, గీకి, మళ్లీ బిగించి, విని, సరిపోకపోతే మళ్లీ ఊడదీయాలి. ఓర్పుతో కూడిన పని.

రోడ్స్ పియానోలో గీకడం లేదు, అతికించడం లేదు. ప్రతి టైన్ మీద ఒక చిన్న స్ప్రింగు చుట్ట బిగువుగా తొడిగి ఉంటుంది. దానిని కొన వైపు జరిపితే పుల్ల చివర బరువెక్కి, ఊగుడు నెమ్మదించి, శ్రుతి తగ్గుతుంది. మొదలు వైపు జరిపితే పెరుగుతుంది. అంతే! ఎక్కువ జరిపితే వెనక్కి జరుపుకోవచ్చును. ఏదీ పాడు కాదు. స్క్రూ డ్రైవరు కొన, కాస్త మంచి చెవి, లేదా ఒక ట్యూనింగ్ మీటరు ఉంటే, 73 స్వరాలనూ వాయించేవాడే ఒక మధ్యాహ్నం కూర్చొని సరిచేసుకోవచ్చును. పైగా ఒకసారి సరిచేస్తే లారీలో ఎక్కించి ఊళ్లు తిప్పినా చాలాకాలం నిలుస్తుంది. ఇనుప చట్రం అవసరం లేదు, ట్యూనర్ కోసం కబురు పంపనక్కర లేదు.

శ్రుతి ఒక ఎత్తు, గొంతు ఒక ఎత్తు. ఒకే శ్రుతిలో ఉన్న ఇద్దరి గొంతులు వేరుగా ఉన్నట్లు, ఈ పియానోలో ప్రతి స్వరానికీ గొంతు కుదర్చాలి. టోన్ బార్‌ను పట్టి ఉంచే స్క్రూలలో ఒకదానిని త్రిప్పితే టైన్ కొన పికప్‌కు ఎదురుగా పైకో క్రిందికో జరుగుతుంది. సరిగ్గా నడిమధ్యన ఉంటే, టైన్ పైకి ఊగినప్పుడు ఒకసారి, క్రిందికి ఊగినప్పుడు ఒకసారి పికప్ స్పందిస్తుంది. అందుచేత అసలు స్వరం బదులు దాని పై స్థాయి స్వరం పలుకుతుంది. సన్నగా, గంటలాగా ఉంటుంది. నడిమధ్య నుండి కొద్దిగా ప్రక్కకు తప్పిస్తే అసలు స్వరం నిండుగా వస్తుంది, గంట ధ్వని దానిలో కలిసి ఉంటుంది. మరీ తప్పిస్తే వట్టి మొద్దు స్వరం మిగులుతుంది. ఈ రెంటి నడుమ ఎక్కడ ఆపాలన్నది వాయించేవాని ఇష్టం. ఇక పికప్‌ను ముందుకు వెనుకకు జరుపుటకు వేరొక స్క్రూ ఉన్నది. దగ్గరగా జరిపితే ధ్వని పెద్దదై, గట్టిగా కొట్టినప్పుడు గురగురమంటుంది. దూరం చేస్తే మెత్తబడుతుంది. ఈ దూరాలన్నీ మిల్లీమీటరుకు అటూ ఇటూ. ఒక మెట్టు గట్టిగా, ప్రక్క మెట్టు నెమ్మదిగా పలికితే, తప్పు తన వేలిదా, స్క్రూదా అని వాయించేవాడు ముందు పికప్ దూరం చూసుకోవాలి.

సుత్తి సంగతి చెప్పాలి. మనలో టైపు మిషను మీద జీవితం గడిపినవారికి ఇది ఇట్టే అర్థమవుతుంది. టైపు అక్షరం కాగితానికి తగిలి వెంటనే వెనక్కి పడాలి. అంటుకొని ఉంటే అచ్చు అలుక్కుపోతుంది. అలాగే పియానో సుత్తి టైన్‌ను కొట్టి వెంటనే తప్పుకోవాలి. లేకపోతే తానే మ్రోగించిన నాదాన్ని తానే నొక్కివేస్తుంది. మెట్టు పూర్తిగా నొక్కి పట్టుకొన్నప్పుడు సుత్తికీ టైన్‌కూ నడుమ మిగిలే ఖాళీ సరిగా ఉండాలి. ఖాళీ తక్కువైతే టకటకమని రెండుసార్లు తగులుతుంది, ఎక్కువైతే నెమ్మదిగా వాయించినప్పుడు స్వరమే రాదు. సుత్తి టైన్‌ను ఎక్కడ కొట్టాలన్నదీ ముఖ్యమే. మొత్తం టైన్ల చట్రాన్ని కొద్దిగా ముందుకో వెనుకకో జరిపి, స్వరం ఎక్కడ స్పష్టంగా పలుకుతుందో చెవితో పట్టుకొని అక్కడ బిగించాలి. ముఖ్యంగా పై స్థాయి పొట్టి టైన్ల విషయంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా స్వరం చచ్చిపోతుంది.

మొదట్లో సుత్తులు కర్రతో చేసి, కొనకు ఫెల్టు అంటించేవారు. వాయించగా వాయించగా ఫెల్టు మీద గాడి పడి ధ్వని బండబారేది. 1970 ప్రాంతంలో ఫెల్టు బదులు నియోప్రీన్ రబ్బరు వచ్చింది. క్రింది స్థాయికి మెత్తనిది, పైకి పోయేకొద్దీ గట్టిది. 1970 దశకం నడుమకు సుత్తి కూడా పూర్తిగా ప్లాస్టిక్ అయింది. టైన్ అప్పుడప్పుడు విరుగుతుంది. ఎన్ని లక్షల దెబ్బలు తగిలినా ఉక్కు ఉక్కే గాని, ఏదో ఒకనాడు అలసిపోతుంది. విరిగితే కొత్త టైన్‌ను ఆ స్వరానికి పట్టికలో ఇచ్చిన పొడవుకు కత్తిరించి, పాతది తీసి బిగించాలి. పాత స్ప్రింగు తొడిగి శ్రుతి చేసుకోవాలి. ఆ పట్టికతో సహా ఈ పనులన్నీ బొమ్మలతో వివరించిన సర్వీసు పుస్తకం 1979లో కంపెనీయే వెలువరించింది. మూత తీసి, కొన్ని స్క్రూలు విప్పి, టైన్ల చట్రాన్ని పైకెత్తితే సుత్తులన్నీ వరుసగా కళ్లెదుట ఉంటాయి. దాపరికం లేదు. సీలు వేసిన డబ్బా లేదు. అందుచేతనే ఆనాటి పియానోలు 50 ఏళ్లు దాటినా నేటికీ పలుకుతున్నాయి.

అలాగని అన్నీ సవ్యంగా జరిగాయని కాదు. పెద్ద సంస్థ చేతిలో పడ్డాక ఖర్చు తగ్గించే ఒత్తిడి మొదలైంది. మనకు ఎకానమీ ఆర్డర్ల సంగతి చెప్పనక్కర లేదు. తన వాద్యం తాను కోరినట్లు తయారుకావడం లేదని రోడ్స్‌కు అసంతృప్తి ఉండేది. దీనికి ఒక చిన్న ఉదాహరణ ఇస్తాను. మెట్టు వెనుక భాగంలో సుత్తి ఆనుకొనే దిమ్మె ఉంటుంది. దాని మీద ఒక చిన్న మిట్ట ఉంటే, సుత్తి బయలుదేరేటప్పుడు వేలికి బరువు తెలియదు. 1970 దశకం మొదటి భాగంలో తయారైన చాలా పియానోల్లో ఈ మిట్ట లేదు, దిమ్మె చదునుగా ఉన్నది. ఫలితంగా మెట్లు బరువెక్కి, బురదలో నడిచినట్లుంటాయని వాయించేవారి ఫిర్యాదు. తరువాతి వాటిలో మిట్ట తిరిగి వచ్చింది. నేడు పాత పియానో మెకానిక్కు దగ్గరకు వస్తే, అతను ముందుగా చేసే పనులలో ఒకటి 73 దిమ్మెల మీద 73 చిన్న మిట్టలు అంటించి, పైన కొత్త ఫెల్టు పరచడం. అగ్గిపుల్లంత మందం లేని ఆ ముక్కతో పియానో స్పర్శే మారిపోతుంది. ఇంత చిన్న సౌకర్యం వేల సంఖ్యలో తయారైన వాద్యాలలో లేకపోయిందంటే నాకు బాధగానే ఉన్నది. పాఠం నేర్చుకొనే పిల్లవాని వేలుకు తెలిసే బరువది.

1983లో జపాను దేశపు యమహా కంపెనీ డి.ఎక్స్.7 అనే డిజిటల్ వాద్యం విడుదల చేసింది. బరువు 15 కిలోల లోపు. అందులో ఒక మీట నొక్కితే రోడ్స్ పియానో లాంటి ధ్వని వచ్చేది. స్ప్రింగు జరపనక్కర లేదు, టైన్ విరగదు. 60 కిలోలు మోసి అలసిన వారు అటు మళ్లారంటే వారిని తప్పు పట్టలేము. అదే సంవత్సరం రోడ్స్ వ్యాపారం సి.బి.ఎస్. నుండి చేతులు మారింది. 1984లో ప్లాస్టిక్ పెట్టెతో కాస్త తేలికైన అయిదవ రకం ఒకటి వచ్చింది గాని, సమయం మించిపోయింది. 1985లో ఫ్యాక్టరీ మూతపడింది. 1987లో రోడ్స్ అనే పేరు జపానుకు చెందిన రోలాండ్ కంపెనీకి అమ్ముడుపోయింది.

ఆ కంపెనీ 1989లో రోడ్స్ పేరు అచ్చు వేసి రెండు డిజిటల్ పియానోలు విడుదల చేసింది. వాటిలో టైన్ లేదు, టోన్ బార్ లేదు, సుత్తి కొట్టుటకు ఏమీ లేదు. హెరాల్డ్ రోడ్స్ అప్పటికి డెబ్బై ఎనిమిదేళ్ల పెద్దాయన. తన ఆమోదం లేకుండా తన పేరుతో వచ్చిన ఆ వాద్యాలను ఆయన ఒప్పుకోలేదు. కాగితాల ప్రకారం కంపెనీవారిది న్యాయమే. పేరు డబ్బు పెట్టి కొన్నారు. కాని ఒక మనిషి బ్రతికి ఉండగా, ఆయన ఇంటిపేరు ఆయనకు సంబంధం లేని సరుకు మీద వేస్తే ఎలా ఉంటుంది? సర్వీసు రిజిస్టరులో పేరు ఒక అక్షరం తప్పు పడితే సరిచేయించుకొనుటకు మనం ఎన్ని మెట్లు ఎక్కి దిగుతామో మనకు తెలుసు. ఆయన అంతకంటె పెద్ద పోరాటం చేశారు. చివరకు 1997లో ఆ పేరు మీద హక్కు తిరిగి ఆయనకు వచ్చింది. అప్పటికి ఆయనకు ఎనభై ఆరేళ్లు.

పేరు వచ్చింది గాని, క్రొత్త పియానో తయారుచేసే ఓపిక, కాలం మిగలలేదు. 2000 డిసెంబరు 17న, తొంభై ఏళ్లు నిండుటకు సరిగ్గా 11 రోజులు ఉండగా హెరాల్డ్ రోడ్స్ కన్నుమూశారు. ఆయన తరువాత 2007లో ఆయన పేరుతో ఏడవ రకం పియానో, 2021లో ఇంగ్లండులో ఎనిమిదవ రకం వచ్చాయి. రెండింటిలోనూ మళ్లీ సుత్తి, టైన్, టోన్ బార్ ఉన్నాయి. పాత పియానోలకు టైన్లు, రబ్బరు కొనలు, ఫెల్టులు తయారుచేసి అమ్మే చిన్న వర్క్‌షాపులు ఇప్పుడు అమెరికాలోను, యూరపులోను ఉన్నాయి. 1970లో కొన్న స్టేజ్ పియానోలో ఒక టైన్ విరిగితే, క్రొత్తది తెప్పించుకొని, పట్టికలో చూసిన పొడవుకు కోసి, ఇంట్లోనే బిగించుకోవచ్చును.